రిసీవర్ గ్రహీతా, గ్రాహకమా?

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. నేను గాజువాక ఆటోనగర్‌లో ఒక షెడ్డులో ఎలక్ట్రీషియన్‌ని. మా ఓవర్‌హెడ్ క్రేన్‌కి వేలాడే బొత్తాల పెట్టె (పెండెంట్) తీసేసి రేడియో రిమోట్ పెట్టాం. కొత్త కుర్రాళ్ల కోసం వైరింగ్ వివరాలు తెలుగులో రాసి ప్యానెల్ తలుపుకి అంటించాలి. ఫోన్‌లో అనువాదం అడిగితే రిసీవర్‌ని ఒకసారి ‘గ్రహీత’ అంది, ఒకసారి ‘గ్రాహకం’ అంది. చివరికి ‘గ్రహీత ద్వారా సంకేతం స్వీకరించబడును’ అని రాశాను. సరేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: రెండూ ఒకే ధాతువు బిడ్డలు. ‘గ్రహ్’ అంటే పట్టుకోవడం. తృచ్ అనే ప్రత్యయం చేరితే గ్రహీత, ణ్వుల్ అనేది చేరితే గ్రాహకం. పాణిని ఈ రెండు ప్రత్యయాలనూ ఒకే సూత్రంలో చెప్పాడు. కాబట్టి వ్యాకరణం పేరు చెప్పి ‘గ్రహీత’ తప్పని తోసెయ్యలేను. కానీ తెలుగులో అది దాత, నేత, శ్రోతల వరసలో మనుషులకే అలవాటైపోయింది. పురస్కార గ్రహీత అనగానే శాలువా కప్పుకున్న మనిషి కళ్లముందు మెదులుతాడు. గర్డర్ మీద బిగించిన పెట్టెకి ఆ పేరు నప్పదు.

ఈ పట్టు దగ్గర కాస్త ఆగాలి. సంస్కృతంలో మొసలికి ‘గ్రాహం’ అని పేరు. పట్టుకుంటుంది కనక గ్రాహం. గజేంద్రుడి కాలు పట్టింది ఆ గ్రాహమే. మీ గ్రాహకానికీ దానికీ ఒక్క ‘క’ తేడా. ఆ పెనుగులాటను పోతన చెప్పిన తీరు చూడండి:

కరిఁ దిగుచు మకరి సరసికిఁ
గరి దరికిని మకరిఁ దిగుచుఁ గరకరి బెరయన్

తిగుచు అంటే లాగు. మొసలి మడుగులోకి లాగుతుంటే ఏనుగు ఒడ్డుకు లాగుతోంది. ‘మకరి’ అన్న మాటలోనే ‘కరి’ చిక్కుకుని ఉంది, గమనించారా? ఏనుగు పేరును మొసలి పేరు నోట కరుచుకుంది. ఈ పద్యం ఎన్నిసార్లు చదివినా నాకు అక్కడే ఒళ్లు జలదరిస్తుంది. పట్టు అంటే అది. ఎవరో చేతిలో పెడితే తీసుకోవడం కాదు, అందుకుని వదలకపోవడం. గ్రహణంలోనూ పాణిగ్రహణంలోనూ ఉన్నది ఆ పట్టే. నిగ్రహం, అనుగ్రహం, ఆగ్రహం మాత్రం ముందు చేరిన ని, అను, ఆ అనే ఉపసర్గల వల్ల దారి మళ్లినవి.

ఇక మీ పెట్టె సంగతి. గాలిలో ఎన్ని సిగ్నళ్లు తిరుగుతున్నా తన రిమోట్ పంపినదాన్నే పోల్చి పట్టుకుంటుంది. లోపల రిలే అనే చిన్న స్విచ్చు కలుస్తుంది, మోటారుకి కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్చు, అంటే కాంటాక్టర్, దాని కాయిల్‌కి కరెంటు అందుతుంది, హుక్కు కదులుతుంది. సిగ్నల్ తెగితే స్టాప్ రిలే వదిలేస్తుంది, దానితో మెయిన్ కాంటాక్టరూ పడిపోతుంది. మా ఇంట్లో మోటారు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ ‘కాంటాక్టర్ పట్టట్లేదండీ’ అన్నప్పుడు నాకెంత ముచ్చటేసిందో! ‘గ్రహ్’కి అంతకన్నా మంచి తెలుగు ఏముంది?

నా కోపమంతా ‘స్వీకరించబడును’ మీద. తెలుగుకి ఈ ‘బడు’ బరువు ఎందుకు తగిలిస్తారు? పైగా ‘ద్వారా’ ఒకటి! ‘రిసీవర్ సిగ్నల్‌ని పట్టుకుంటుంది’ అంటే సరిపోదూ? భద్రత గురించి రాసేటప్పుడు ఇది మరీ ప్రమాదం. ‘మెయిన్ ఆపబడవలెను’ అని ఉంటే ఎవరో ఆపే ఉంటారనుకుని కుర్రాడు చెయ్యి పెడతాడు. ‘మెయిన్ ఆపి, తాళం వేసి, కరెంటు లేదని మీటరుతో చూసుకున్నాకే పెట్టె తెరవండి’ అని రాయండి. చదివినవాడికి అది తన పనేనని తెలియాలి.

పాఠ్యపుస్తకానికైతే గ్రాహకమే నా ఓటు. ప్యానెల్ తలుపు మీద మాత్రం ‘రిసీవర్’ అనే ఉంచండి, అందరి నోటా ఉన్న మాట అదే. కింద చిన్న అక్షరాల్లో గ్రాహకం అని చేరిస్తే సంతోషిస్తాను, చేర్చకపోతే తప్పు పట్టను. వైరింగ్‌ని ‘తీగల అమరిక’ అనవచ్చు గానీ అక్కడ వైరింగే నయం. ఇంగ్లీషులో కొంగలాంటి పక్షికీ ఈ యంత్రానికీ ఒకటే పేరు కాబట్టి, ఫోన్ ఎప్పుడైనా క్రేన్‌ని కొంగ అంటే నమ్మకండి. అప్, డౌన్‌లకి మాత్రం ‘పైకి’, ‘కిందికి’ అనే రాసి, రిమోట్ బొత్తాల మీదున్న బాణం గుర్తుల్ని పక్కనే వేయండి.