అడగండి చెబుతాం: శని వలయం, పున్నమి చంద్రుడు

ప్రశ్న: మా బాబుకి 70 మి.మీ. టెలిస్కోపు కొన్నాం. నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 700 మి.మీ. పెట్టె మీద ‘525 రెట్లు’ అని ఉంది. చంద్రుడు బాగానే కనబడుతున్నాడు. గురుడు, శని మాత్రం మసక ముద్దల్లా ఉన్నాయి. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: టెలిస్కోపు బాగానే ఉందండీ. ఆ 525ను మర్చిపోండి. 4 మి.మీ. ఐపీస్‌కు (కన్ను పెట్టి చూసే చిన్న లెన్సు) 3 రెట్ల బార్లో లెన్సు (బొమ్మను ఇంకా పెంచే అదనపు లెన్సు) తగిలిస్తే వచ్చే లెక్క అది: 700ను 4తో భాగించి 3తో హెచ్చవేశారు. ముందున్న లెన్సు వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెండింతలే పనికొచ్చే హద్దు. అంటే మీదానికి 140. అది దాటితే బొమ్మ పెద్దదవుతుందే తప్ప కొత్త వివరం రాదు. వెలుగు తగ్గుతుంది, గాలి అదురు కూడా పెద్దదవుతుంది.

25 మి.మీ. ఐపీస్‌తో మొదలుపెట్టండి. 700ను 25తో భాగిస్తే 28 రెట్లు. గురుడికి అటూ ఇటూ నాలుగు ఉపగ్రహాలు ఒకే వరసలో చుక్కల్లా దానికే తెలుస్తాయి. గ్రహాన్ని నడిమధ్యకు తెచ్చాకే 10 మి.మీ. (70 రెట్లు) వేయండి. భూమి తిరుగుతుంది కాబట్టి రెండు మూడు నిమిషాల్లో గ్రహం పక్కకు జారిపోతుంది, మెల్లగా వెంట తిప్పుతూ ఉండాలి. శని వలయం 2025 మార్చిలో అంచు మనవైపు తిరిగి దాదాపు మాయమైంది. ఇప్పుడిప్పుడే విచ్చుకుంటోంది కనుక సన్నగా గీతలా కనిపిస్తే కంగారు పడొద్దు.

మన కోస్తాలో అసలు తంటా తేమ, వేడి. ఏసీ గదిలోంచి తెచ్చిన లెన్సుకు బయట పెట్టగానే ఆవిరి పడుతుంది. గంట ముందే ఏసీ లేని చోట ఉంచండి. ఆవిరి పడితే గుడ్డతో తుడవకండి, ఉప్పుగాలి తెచ్చిన దుమ్ము గీతలు పెడుతుంది, దానంతట అదే ఆరనివ్వండి. నల్ల చార్టు కాగితాన్ని 15 సెం.మీ. గొట్టంలా చుట్టి ముందు తొడిగితే మంచు చాలావరకు ఆగుతుంది. పగలంతా కాగిన మిద్దె రాత్రి తొమ్మిదైనా వేడి కక్కుతుంటుంది, ఆ గాలిలో గ్రహం ఉడికే నీళ్లలా కదులుతుంది. వీలైతే పెరట్లో మట్టి నేల మీద పెట్టండి.

ఫైండరును (టెలిస్కోపు మీదుండే, గురి చూసే చిన్న గొట్టం) పగలే దూరంగా ఉన్న సెల్ టవర్ కొసతో సరిచేసుకోండి. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పకండి. క్షణంలో చూపు పోతుంది.

ప్రశ్న: పున్నమి రాత్రి కొత్తపట్నం బీచిలో 10×50 బైనాక్యులర్‌తో చంద్రుణ్ణి చూశాం. తెల్లటి పళ్లెంలా ఉన్నాడు, ఒక్క గుంతా తెలియలేదు.
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: పున్నమి నాడు అక్కడ మిట్టమధ్యాహ్నపు ఎండ పడ్డట్టే, నీడలుండవు. శుద్ధ షష్ఠి నుంచి దశమి దాకా చూడండి. వెలుగూ చీకటీ కలిసే అంచు వెంట గుంతల గోడలు నీడలు పరుస్తాయి. దశమి ప్రాంతంలో 93 కి.మీ. వెడల్పున్న కోపర్నికస్ అనే గుంత బాగా తేలుతుంది. చేతులు అదరకుండా మోచేతులు గోడకో బండి పైకప్పుకో ఆనించండి.