కోసేసిన హెల్మెట్ కిట్‌కి డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది చిక్కడపల్లి. హైటెక్స్‌లో జరిగే కామిక్ కాన్‌కి (కామిక్ పాత్రల వేషాలతో వెళ్లే అభిమానుల మేళా) వేసుకెళ్దామని, ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ నడిపే పుణె వ్యక్తి దగ్గర కాస్ట్యూమ్ హెల్మెట్ ప్లాస్టిక్ కిట్ కొన్నాను. యూపీఐలో రూ.6,800 కట్టాను. పార్సిల్ 2024 అక్టోబర్ 4న అందింది. అందులో చెవుల దగ్గర వచ్చే ముక్కలు రెండూ ఎడమవైపువే. ఆ రాత్రే వాట్సాప్‌లో చెబితే, "కట్ చేసి చూడు బ్రో, హీట్ గన్‌తో వంచితే సెట్ అవుతుంది" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఒక చెవి ముక్క అలాగే పక్కన పెట్టి మిగతావి కోసి అతికిస్తే, ముందు భాగానికీ వెనక భాగానికీ మధ్య వేలు పట్టేంత సందు వచ్చింది. ఫ్రెండ్స్ ముందు పరువు పోయింది, చాలా డిప్రెస్ అయ్యాను. ఎన్ని రిమైండర్లు పెట్టినా "కోసిన కిట్ వాపస్ తీసుకోను" అంటున్నాడు. గట్టి ప్లాస్టిక్ రకమైన ఏబీఎస్ అని చెప్పి చవక ప్లాస్టిక్ అంటగట్టాడని నా అనుమానం. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫ్రాడ్ అని చెబితే అతని ఖాతా ఫ్రీజ్ చేస్తారని ఒక ఫ్రెండ్ అంటున్నాడు, చెయ్యమంటారా? మానసిక వేదనకి 5 లక్షలు అడగొచ్చా? దీన్ని ఎలాగోలా అతికించి బైక్ మీద వాడుకోవచ్చా?

జవాబు: మీ పరువు, డిప్రెషన్, ఫ్రెండ్స్ నవ్వులు పక్కన పెడదాం. ఈ కేసు తేలేది ఒక్క విషయం మీద. బ్లేడు పెట్టకముందే లోపం సంగతి అమ్మినవాడికి చెప్పారా, లేదా? చెప్పాక అతనేమన్నాడు? మీ ఉత్తరంలో ఈ ముక్క ఒకే ఒక్క వాక్యంలో, మధ్యలో ఎక్కడో ఉంది. మిగతాదంతా బాధే.

ఎందుకింత పట్టుబడుతున్నానో చెబుతాను. 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 42 ప్రకారం, అమ్మినవాడి సొత్తు అనుకుంటే చేయకూడని పని ఏదైనా కొన్నవాడు ఆ వస్తువుతో చేస్తే, దాన్ని అంగీకరించినట్టే లెక్క. వద్దని చెప్పకుండా చాలాకాలం దగ్గర ఉంచుకున్నా అంతే. ఒకసారి అంగీకరించినట్టు తేలితే, సెక్షన్ 13 కింద వస్తువు తిప్పికొట్టి మొత్తం డబ్బు అడిగే హక్కు మామూలుగా పోతుంది. నష్టపరిహారం అడిగే హక్కే మిగులుతుంది. సుల్తాన్ బజార్‌లో కొన్న బట్టకి కత్తెర పడ్డాక కొట్టువాడు వెనక్కి తీసుకుంటాడా? అతను అంటున్నదీ అదే. ఆ మాటలో బలం లేదని మిమ్మల్ని ఓదార్చలేను.

కానీ కట్ చేసి చూడమన్నది అతనే. తన సలహా మీదే మీరు కోసినప్పుడు, "నువ్వు కోశావు కాబట్టి ఒప్పుకున్నట్టే" అనే వాదన అతని నోట నిలవడం కష్టం. మీ కేసు ప్రాణం ఆ వాయిస్ మెసేజ్‌లో ఉంది.

అది ఇంకా ఫోన్‌లో ఉందా? ఆ సంగతి మీరు రాయనే లేదు! వాట్సాప్‌లో డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉంటే ఎప్పుడో పోయి ఉంటుంది. ఉంటే ఆ ఫోన్ మార్చకండి, ఫార్మాట్ చేయకండి. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి రెండుచోట్ల దాచండి. వాళ్లకీ వీళ్లకీ ఫార్వర్డ్ చేసిన కాపీని నమ్ముకోకండి, అసలు మెసేజ్ ఉన్న ఫోనే మీ సాక్ష్యం. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లో ఉంది. దాని సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డు కాపీలకు సర్టిఫికెట్ జత చేయాలి. వినియోగదారుల కమిషన్‌లో సాక్ష్యం రూల్స్ సివిల్ కోర్టంత గట్టిగా పట్టించుకోరు, అయినా అవతలివాడికి ఆ సందు ఇవ్వడం దేనికి?

మెసేజ్ పోయిందనుకోండి, అప్పుడూ ఒక దారి ఉంది. స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. "ఫలానా తేదీ రాత్రి లోపం గురించి చెప్పాను, కట్ చేసి చూడమని మీరే అన్నారు" అని సూటిగా రాయండి. "అవును, కానీ నువ్వు గీత దాటి కోశావు" అని అతను జవాబిచ్చాడంటే సగం పని అతనే చేసిపెట్టినట్టు.

ఆ గీత మాటకి వద్దాం. ఇలాంటి అచ్చు ముక్కలకి చుట్టూ అదనపు అంచు ఉంటుంది, గీత వెంట దాన్ని కోసి తీసేయాలి. మీరు ఎక్కువ కోయడం వల్లే సందు వచ్చిందని అతను తప్పకుండా అంటాడు. కోసిన అంచులు మీ దగ్గరుంటే వాటిని హెల్మెట్‌కి ఆనించి, గీత ఎక్కడుందో, బ్లేడు ఎక్కడ పడిందో చూపించొచ్చు. వాటినీ చెత్తబుట్టలో వేశారా? పార్సిల్ విప్పేటప్పుడు వీడియో లేదు, అట్టపెట్టె ఫొటో గురించి మాట లేదు. రూ.6,800 పెట్టి కొనేటప్పుడు రెండు నిమిషాలు ఫోన్ కెమెరా పట్టుకోవడానికి ఏం బద్ధకం?

అదృష్టం ఏంటంటే, రెండో ఎడమ చెవి ముక్క కోయకుండా ఉంది. దాన్ని ముట్టుకోకండి. ఒకే వైపువి రెండు వచ్చాయని కళ్లకు కనిపిస్తుంది, దానికి నిపుణుడు అక్కర్లేదు. ఫిర్యాదులో దీన్నే ముందు పెట్టండి, సందు సంగతి తర్వాత. ఏబీఎస్ కాదన్న అనుమానాన్ని మాత్రం అసలు ఎత్తకండి. ప్లాస్టిక్ రకం తేల్చాలంటే కమిషన్ శాంపిల్‌ను ల్యాబ్‌కి పంపాలి, ఆ ఫీజు మిమ్మల్నే కట్టమనొచ్చు. మామూలు ఫిర్యాదు తేల్చడానికి చట్టం చెప్పే గడువు 3 నెలలు, పరీక్ష అవసరమైతే 5 నెలలు. కాగితం మీది ఈ గడువులు కమిషన్లలో ఎంతవరకు నిలుస్తాయో అందరికీ తెలిసిందే. గెలిచే పాయింట్ చేతిలో ఉండగా ఆ తలనొప్పి ఎందుకు?

ఇక 1930. ఆ పని చేయొద్దు. అది సైబర్ ఆర్థిక మోసాల హెల్ప్‌లైన్. మీకు పార్సిల్ వచ్చింది, అతనితో నెలల తరబడి చాటింగ్ ఉంది. ఇది వస్తువులో లోపం గురించిన తగాదా. డబ్బు కొట్టేసి మాయమయ్యాడని చెబితే అది అబద్ధం. ప్రభుత్వోద్యోగికి తెలిసి తెలిసి తప్పుడు సమాచారం ఇస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 217 కింద ఏడాది వరకు జైలు, లేదా రూ.10,000 వరకు జరిమానా, లేదా రెండూ. పైగా ఒకచోట ఏమీ రాలేదని, ఇంకోచోట రెండు ఎడమ ముక్కలు వచ్చాయని మీ సంతకంతోనే రెండు కథలు ఉంటే, కమిషన్‌లో మిమ్మల్ని ఎవరు నమ్ముతారు? ఆ సలహా ఇచ్చిన ఫ్రెండ్ ఆ రోజు మీ పక్కన నిలబడడు.

గడువు చూసుకోండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం కారణం తలెత్తిన రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. పార్సిల్ అందిన తేదీ నుంచే లెక్కపెట్టుకుని, 2026 అక్టోబర్ 3 లోపలే దాఖలు చేయండి. మీరు పంపిన రిమైండర్లతో గడువు పెరగదు. ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు గానీ, దానికి తగిన కారణం చూపాలి. "ఇస్తాడేమోనని చూశాను" అన్నది అంత బలమైన కారణం కాదు.

నోటీసుకి 15 రోజులు టైమివ్వండి. ఈలోగా 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫిర్యాదు చేయండి. చిన్న మొత్తాలు కొన్నిసార్లు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా కమిషన్. పుణె వెళ్లాల్సిన పని లేదు, మీరు నివసించే చోటే వేసుకోవచ్చని సెక్షన్ 34 చెబుతోంది. చిక్కడపల్లి కాబట్టి హైదరాబాద్ జిల్లా కమిషన్. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. వస్తువుకి కట్టిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, వకీలు కూడా తప్పనిసరి కాదు.

5 లక్షలు అడక్కండి. రూ.6,800 కిట్‌కి ఆ అంకె చూస్తే అసలు ఫిర్యాదే ఆటలా కనిపిస్తుంది. కిట్ ధర, బిల్లులున్న మేరకు జిగురు, పెయింట్ ఖర్చు, కొద్దిపాటి పరిహారం, కేసు ఖర్చులు అడగండి. పూర్తి ధర ఇవ్వడం కుదరదని కమిషన్ అనుకుంటే తగిన నష్టపరిహారమైనా ఇప్పించమని అదే ఫిర్యాదులో ప్రత్యామ్నాయంగా కోరండి.

బైక్ మీద వాడుకోవచ్చా అన్నారు. వద్దు. అది వేషానికి పెట్టుకునే డొప్ప, ఐఎస్ 4151 ప్రమాణంతో ఐఎస్‌ఐ మార్కు ఉన్న హెల్మెట్ కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194డీ కింద రూ.1,000 జరిమానా, 3 నెలల పాటు లైసెన్సుకి అనర్హత. తల పగిలితే ఆ లెక్క వేరు. పైగా అది ఇప్పుడు మీ కేసులో సాక్ష్యం, ఉన్నది ఉన్నట్టు అట్టపెట్టెలో పెట్టి ఉంచండి. కొత్తగా జిగురు కూడా పూయకండి.