సమోసా కంటే ముందు గడియారం చూడు

చి. సౌ. బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న ఫోన్లో నువ్వు "స్కూలుకి డబ్బు పోగుచేసే ఫండ్‌రైజింగ్ నా నెత్తిన పెట్టారు పెద్దమ్మా, అమ్మడానికి నాలుగొందల సమోసాలు ఆర్డర్ ఇచ్చేస్తున్నా" అన్నప్పుడు నేను స్టవ్ దగ్గరున్నాను. సరిగ్గా వినకుండానే ఊఁ కొట్టేశాను. ఆ ఊఁ వెనక్కి తీసుకుంటున్నాను. ఇది పూర్తిగా చదివేదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకు.

మన ఊళ్లో బడి గేటు బయట ఉప్పూకారం చల్లిన జామకాయ ముక్కలు ఎవరమ్మినా ఎవరూ ఏమీ అనరు. ఇక్కడ అమెరికాలో పబ్లిక్ స్కూల్లో, అంటే ప్రభుత్వ బడిలో, పిల్లలకి తిండి అమ్మాలంటే దాని వెనక ఒక ఫెడరల్ (దేశమంతటికీ వర్తించే) చట్టముంది. 2010 డిసెంబర్లో ఒబామా సంతకం పెట్టిన చట్టమది. దాని కింద వచ్చిన రూల్స్ పేరు స్మార్ట్ స్నాక్స్. 2014 జులై 1 నుంచి అమల్లో ఉన్నాయి. ప్రభుత్వ డబ్బుతో మధ్యాహ్న భోజనం పెట్టే స్కూళ్లన్నిటికీ వర్తిస్తాయి. మన టెక్సస్ రాష్ట్రంలో వీటిని చూసేది విద్యాశాఖ కాదు, వ్యవసాయ శాఖ. అదేమిటో అని నాకూ మొదట్లో వింతగా ఉండేది.

ఇవేవీ తెలియని రోజుల్లో నేనొక ఘనకార్యం చేశాను. పీటీఏలో (తల్లిదండ్రులూ టీచర్లూ కలిసి నడిపే సంఘం) అది నా రెండో ఏడు. పిల్లల్ని కార్లో దింపే లైన్ దగ్గర పొద్దున్నే డోనట్లు అమ్మితే తల్లులూ పిల్లలూ ఎగబడి కొంటారని నా ప్లాను. బెల్ 7:40కి. నేను 7 గంటలకల్లా మడత బల్ల వేసి, పన్నెండు డజన్ల డోనట్లు పేర్చి నిలబడ్డాను. మూడు డజన్లు అమ్ముడుపోయాయో లేదో ప్రిన్సిపాల్ వచ్చింది. మంచి మనిషి, కోప్పడలేదు. "స్కూల్ డే ఎన్నింటికి మొదలవుతుంది?" అని అడిగింది. 7:40కి అన్నాను. "కాదు. అర్ధరాత్రి 12కి" అంది. మిగిలిన తొమ్మిది డజన్లూ మీ పెదనాన్న ఆఫీసుకు పట్టుకెళ్లారు. అక్కడ ఆయన పేరు వారం రోజులు డోనట్ రావుగారు.

అందుకే చెబుతున్నా, ఏం అమ్మాలన్నది తర్వాత, ఎప్పుడు అమ్ముతున్నావన్నది ముందు. ఈ రూల్స్ దృష్టిలో స్కూల్ డే అంటే ముందు రోజు అర్ధరాత్రి నుంచి, చివరి బెల్ కొట్టాక ఇంకో 30 నిమిషాల దాకా. మీ స్కూల్ 2:45కి వదులుతారంటే 3:15 దాకా స్కూల్ ఆవరణలో పిల్లలకి అమ్మేది ప్రతీదీ లెక్కలోకి వస్తుంది. పికప్ లైన్లో 2:50కి అమ్మే కుకీ కూడా. 3:16కి అదే కుకీకి ఫెడరల్ రూలు అడ్డు లేదు. సాయంత్రాలు, శని ఆదివారాలు, స్కూలు బయట చేసేవి కూడా ఈ రూల్లోకి రావు. ఇంతకంటే గట్టి రూల్స్ మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌కి (మీ ప్రాంతపు ప్రభుత్వ బళ్లని నడిపే సంస్థకి) ఉండొచ్చు. ప్రతి డిస్ట్రిక్ట్‌కీ వెల్‌నెస్ పాలసీ అని పిల్లల తిండీ ఆరోగ్యం గురించిన రూల్స్ కాగితం ఒకటి ఉండి తీరాలి, ఈ రాత్రికి అది తెరిచి ఫండ్‌రైజింగ్ అన్న చోట చదువు.

ఇప్పుడు నీ నాలుగొందల సమోసాల సంగతి. స్కూల్ డేలో అమ్మే చిరుతిండి 200 కేలరీలు దాటకూడదు. సోడియం 200 మిల్లీగ్రాములు దాటకూడదు. కేలరీల్లో కొవ్వు నుంచి వచ్చేది 35 శాతం మించకూడదు, శాచురేటెడ్ కొవ్వు (నెయ్యి, కొబ్బరిలో ఎక్కువుండే రకం) నుంచి వచ్చేది మొత్తం కేలరీల్లో 10 శాతం లోపే ఉండాలి. చక్కెర బరువులో 35 శాతం మించకూడదు. ఇవన్నీ సరిపోయినా చాలదు. ఆ పదార్థంలో ముఖ్యమైనది ముడిధాన్యమో, పండో, కూరగాయో, పాల పదార్థమో, పప్పు, మాంసం లాంటి ప్రోటీనో అయ్యుండాలి. మైదా పొరలో బంగాళాదుంప కూరి నూనెలో దేవిన మన సమోసాని ఈ జల్లెడలో పోస్తే ఏం మిగులుతుందో నువ్వే చూడు. జంతికలూ అంతే.

సున్నుండలు పెడదామని మీ అమ్మ అందట. మినపపిండి ఎంతో బెల్లం అంత, పైన నెయ్యి. తూకం వేస్తే బెల్లమే 40 శాతం దగ్గరుంటుంది. బెల్లం ఒంటికి మంచిదే కదా అని మనం ఎంత వాదించినా ఈ లెక్కలో అదీ చక్కెరే. నెయ్యి సంగతి చెప్పక్కర్లేదు.

మరి మనవాటిల్లో ఏది నిలబడుతుంది? గుగ్గిళ్లు. నవ్వకు, నేను కొలతలతో సహా చేసి చూపించినదాన్ని. అరకిలో కాబూలీ శనగలు నానబెట్టి ఉడికిస్తే దాదాపు పదిహేను అరకప్పులు వస్తాయి. అరకప్పుకి 135 కేలరీలు ఉంటాయి, కొవ్వు రెండు గ్రాములే. పోపుకి ఒక టేబుల్‌స్పూన్ నూనె వేస్తే మనిషికి గ్రాము కూడా పెరగదు. చిక్కంతా ఉప్పుతోనే. ఒక టీస్పూన్ ఉప్పులో సోడియం సుమారు 2300 మిల్లీగ్రాములు. పదిహేను మందికి పంచితే తలా 150 చిల్లర. నేను మామూలుగా వేసే రెండున్నర స్పూన్లు వేస్తే 380 దాటిపోతుంది. అందుకని స్పూన్ తలకొట్టి సమంగా ఒక్కటంటే ఒక్కటే వేశాను. ఆ చప్పదనం పోవడానికి నిమ్మరసం, సన్నగా తరిగిన పుల్ల మామిడికాయ, కొత్తిమీర. పచ్చికొబ్బరి మాత్రం మానేశాను, దాంతో శాచురేటెడ్ కొవ్వు లెక్క తప్పుతుంది. కొలతలన్నీ కాగితం మీద రాసి డిస్ట్రిక్ట్ న్యూట్రిషన్ ఆఫీసుకు పంపితే ఒప్పుకున్నారు. అమ్మకం ఎలా జరిగిందంటావా? పిల్లలు పదకొండు కప్పులు కొన్నారు. మిగిలినవన్నీ టీచర్లు ఎగరేసుకుపోయారు.

ఒకటి గుర్తుపెట్టుకో. ఇంట్లో వండినవి అసలు ఒప్పుకోని డిస్ట్రిక్టులు చాలానే ఉన్నాయి, లేబుల్ ఉన్న ప్యాకెట్లే కావాలంటారు. మీవాళ్లు ఏమంటారో మెయిల్లో అడుగు, నోటిమాట నమ్మకు. ప్యాకెట్లయితే అలయన్స్ ఫర్ ఎ హెల్దియర్ జనరేషన్ అనే సంస్థ పెట్టిన క్యాలిక్యులేటర్ ఆన్‌లైన్లో ఉంది. లేబుల్ మీది అంకెలు అందులో కొడితే పనికొస్తుందో లేదో చెబుతుంది. ఆ జవాబు ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకో. ఇక్కడో గోతి ఉంది, చూసుకో. పెద్ద కంపెనీలు ఈ రూల్స్ కోసమే చిప్స్‌కి వేరే రకం చేసి స్కూళ్లకి అమ్ముతాయి. పేరు అదే, రంగు అదే. బయట షాపులో దొరికేది మాత్రం వేరు. నిరుడు స్కూల్లో అమ్మారు కదా అని కాస్ట్‌కో షాపు నుంచి మోసుకొచ్చి దొరికిపోయినవాళ్లు నాకు తెలుసు.

తాగేవాటిల్లో నీళ్లకు ఇబ్బంది లేదు. ఎలిమెంటరీలో వంద శాతం పండ్లరసమైతే 8 ఔన్సుల దాకా. మనం తెచ్చే మామిడి డ్రింకుల్లో నీళ్లూ చక్కెరే ఎక్కువ, అవి వద్దు. తియ్యటి లస్సీ కూడా వద్దు.

ఇన్ని తిప్పలున్నా, ఏడాదిలో కొన్ని రోజులు ఈ కొలతలన్నీ పక్కన పెట్టుకోవచ్చు. ఎన్ని రోజులన్నది రాష్ట్రం ఇష్టం. రాష్ట్రం ఏమీ చెప్పకపోతే సున్నా. టెక్సస్‌లో ఒక్కో స్కూలుకి ఏడాదికి 6 రోజులు. అట్లాంటా పక్కనున్న మన పద్మ చిన్నమ్మ "మాకు ముప్పై ఉన్నాయిగా" అని దెప్పుతుంది. నిజమే, వాళ్ల జార్జియా రాష్ట్రంలో ఒక్కో స్కూలుకి ఏడాదికి 30 ఫండ్‌రైజర్లు, ఒక్కోటీ మూడు రోజులు మించకుండా. మనకి ఆరే. ఆ ఆరూ పీటీఏవి కాదు, స్కూలు మొత్తానివి. స్టూడెంట్ కౌన్సిల్ వాళ్లూ, క్వాయర్ (పాటల బృందం) వాళ్లూ, ఐదో క్లాసు పిక్నిక్ వాళ్లూ అందరూ వాటి మీదే కన్నేసి ఉంటారు. ఏ రోజు ఎవరిదన్న క్యాలెండర్ మామూలుగా ప్రిన్సిపాల్ ఆఫీసులో ఉంటుంది. ఆగస్టులోనే వెళ్లి నీ పేరు రాయించుకోవాల్సింది, ఇప్పటికైనా వెళ్లు. ఆ రోజు దొరికినా, భోజనాల వేళ కెఫెటీరియాలో, స్కూలు భోజనానికి పోటీగా అమ్మకూడదు.

"అమ్మకం అనకుండా డొనేషన్ అందాం, డబ్బా పెట్టి ఎంతో కొంత వెయ్యమందాం" అని ఎవరో ఒకరు తెలివి చూపిస్తారు. ప్రతి ఏడూ ఒకరుంటారు. తిండి ఇచ్చి డొనేషన్ అడిగితే అది అమ్మకమే, టోకెన్లు ఇచ్చినా అమ్మకమే. ఊరికే ఇచ్చేది మాత్రం వేరు. పుట్టినరోజుకి నువ్వు బాబు క్లాసుకి కప్‌కేకులు పట్టుకెళ్లావే, అది ఈ రూల్లోకి రాదు. టెక్సస్ చట్టంలోనైతే తల్లిదండ్రులూ తాతా అమ్మమ్మలూ పుట్టినరోజుకి ఇష్టమైనవి తేవచ్చని ప్రత్యేకంగా రాసే ఉంది. టెన్షన్ పడకు.

అలర్జీల దగ్గర మాత్రం నేను ఎవరి మాటా వినను. పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు పీతలు, జీడిపప్పు బాదం లాంటి గింజలు, వేరుశనగ, గోధుమ, సోయా, ఈ ఎనిమిదీ ఎప్పటి నుంచో ప్యాకెట్ల మీద రాయాలి. 2023 జనవరి 1 నుంచి తొమ్మిదోది నువ్వులు. ఇక మన పులిహోర చూడు. పల్లీలు ఒకటి, జీడిపప్పు రెండు, కొందరిళ్లలో నువ్వులపొడి మూడు. నాలుగోది ఎవరికీ తట్టదు, ఇంగువ. డబ్బాలో వచ్చే ఇంగువలో సాధారణంగా గోధుమపిండి కలుస్తుంది, వెనక్కి తిప్పి చదువు. "మాది అన్నమేగా, గోధుమ లేదు" అని ఒకావిడ ధీమాగా చెప్పబోతుంటే నేను డబ్బా తిప్పి చూపించాను. ప్రతి ట్రే ముందూ ఇంగ్లిష్‌లో కార్డు పెట్టించు, నెయ్యి ఉంటే పాలు అని రాయించు. తెలియకపోతే తెలియదనే చెప్పాలి, "ఏం కాదులెండి" అన్న మాట ఎవరి నోటా రాకూడదు.

ఇంతకీ సమోసాలు వద్దంటున్నానా? కాదమ్మా. అవి సాయంత్రానివి. మీ స్కూల్లో ఇంటర్నేషనల్ నైట్, ఆ దేశదేశాల వేడుక, సాయంత్రం ఆరింటికి ఉంటుంది కదా, అక్కడ అమ్ము, నాలుగొందలూ చాలవు. అయితే సిటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ తాత్కాలిక పర్మిట్ అడుగుతుందేమో ముందే కనుక్కో. వేడిగా అమ్మేవి 135 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన, చల్లగా ఉంచేవి 41 లోపున ఉండాలి. పది డాలర్ల థర్మామీటర్ కొను. కొబ్బరి చట్నీ గిన్నెని ఐసు మీద పెట్టాలి, మూడు గంటలు బల్ల మీద వదిలేస్తే అది చట్నీ కాదు.

దీపావళి స్వీటు బాక్సులకీ దారి ఉంది. ముందుగా ఆర్డర్లు తీసుకుని, సీలు వేసిన బాక్సులు తల్లిదండ్రులకు ఇంటికి ఇచ్చి పంపిస్తే, స్కూల్లో తినడానికి కాదు కాబట్టి కొలతలు పట్టవు. కుకీ డో (కాల్చని కుకీ పిండి) అమ్మేవాళ్లు చేసేది అదే. లేదంటే మీ దగ్గరి బిర్యానీ హోటల్‌తో స్పిరిట్ నైట్ మాట్లాడు, ఆ సాయంత్రం అమ్మకాల్లో కొంత శాతం స్కూలుకి ఇస్తారు. నీకు గిన్నె కడిగే పని ఉండదు. నన్నడిగితే అదే సుఖం.

డబ్బు విషయం క్లుప్తంగా. ఫోన్లో డబ్బు పంపుకునే నీ సొంత జెల్ (Zelle), వెన్మో ఖాతాలకి ఒక్క డాలర్ కూడా రానివ్వకు, మొహమాటపడి "నాకు పంపండి, నేను కడతాను" అనకు. ఇద్దరు కలిసి లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం పెట్టి, అదే రోజు ట్రెజరర్‌కి ఇచ్చెయ్. టెక్సస్‌లో ఇలాంటి సంస్థలకి ఏడాదికి రెండు రోజులు సేల్స్ టాక్స్ లేకుండా అమ్ముకునే వీలుంది, ఆ రోజులు దేనికి వాడుతున్నారో ట్రెజరర్‌ని అడుగు. ఇంకోటి, నేషనల్ పీటీఏ ఒక్క ఫండ్‌రైజర్‌కి మూడు డబ్బుతో పనిలేని కార్యక్రమాలు చెయ్యమంటుంది. కమిటీలో ఎవరైనా నెలకో సేల్ అంటే ఈ మాట చెప్పు, నీ పని తగ్గుతుంది.

రేపు పొద్దున బాబుని దింపాక ఆఫీసులోకెళ్లి ఆ ఆరు రోజుల క్యాలెండర్ ఫోటో తీసి నాకు పంపు. స్టీల్ ట్రేలు రెండు, ఐసు టబ్బు, నా థర్మామీటర్ గరాజ్‌లో పై అరలో ఉన్నాయి, శనివారం వచ్చి పట్టుకెళ్లు. మడత బల్ల కూడా ఇస్తాను. దాని కాలు ఒకటి ఊగుతుంది, కింద అట్టముక్క పెట్టాలి.

మీ
పెద్దమ్మ