జంట ఎస్‌యూ కార్బ్యురేటర్లు: ముందు గాలి, తర్వాతే మిక్చర్

మీ ఎంజీబీ స్పోర్ట్స్ కారులో ముందు రెండు స్పార్క్ ప్లగ్‌లు తెల్లగా, వెనక రెండు నల్లగా ఉన్నాయని, మిక్చర్ (గాలి, పెట్రోలు కలిసే పాళ్లు) సర్దే నట్లు ఎంత తిప్పినా ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ నొక్కనప్పటి వేగం) నిలవడం లేదని రాశారు. నిలవదండీ. రెండు కార్బ్యురేటర్లూ సమానంగా గాలి పీల్చనంతవరకు మిక్చర్ కుదరదు.

వాల్వ్ క్లియరెన్స్, ఇగ్నిషన్ పాయింట్లు, టైమింగ్ ముందే చూసుకోండి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఫిల్టర్లు తీసి, రెండు కార్బ్యురేటర్ల థ్రాటిల్ స్పిండిళ్లను (గాలి తలుపులు తిరిగే కడ్డీలను) కలిపే క్లాంపులు వదులు చేయండి. చాలామంది ఇది వదిలేసి స్క్రూలతో కుస్తీ పడతారు. రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండోది కార్బ్యురేటర్ నోటి దగ్గర పెట్టి వినండి. రెండింటి బుస ఒకేలా వినిపించేదాకా ఐడిల్ స్క్రూలు సర్దండి.

ఇక మిక్చర్. ఒక కార్బ్యురేటర్ లోపలి పిస్టన్‌ను దాని లిఫ్టింగ్ పిన్‌తో సుమారు 0.8 మి.మీ. మాత్రమే ఎత్తండి. ఇంజిన్ వేగం పెరిగి అలాగే ఉంటే రిచ్ (పెట్రోలు ఎక్కువ), తడబడి ఆగబోతే లీన్ (పెట్రోలు తక్కువ), కాస్త పెరిగి సర్దుకుంటే సరిపోయినట్టే. హెచ్‌ఎస్ రకం ఎస్‌యూ కార్బ్యురేటర్‌లో జెట్ నట్‌ను కిందికి దించితే రిచ్ అవుతుంది. రెండోదానికీ ఇలాగే చేసి, మొదటిది మళ్లీ చూడండి.

ముందు ప్లగ్‌లు తెల్లబడటం లీన్‌కి గుర్తు కాబట్టి, మీ విషయంలో నా అనుమానం మాత్రం ముందు కార్బ్యురేటర్ గాస్కెట్ దగ్గర గాలి లీకు మీదే. అక్కడ కొంచెం నీళ్లు స్ప్రే చేయండి, వేగం మారితే దొరికినట్టే. డ్యాష్‌పాట్లు (కార్బ్యురేటర్ పైనున్న గంట ఆకారపు మూతలు) విప్పితే వాటి పిస్టన్లు ఒకదానివి ఇంకోదానికి మార్చకండి, అవి జతగా తయారైనవి. చివర్లో క్లాంపులు బిగించేటప్పుడు రెండు థ్రాటిళ్లూ ఒకేసారి కదులుతున్నాయో లేదో చూడండి.