కొత్తగా టీం లీడర్ అయినవాళ్ళు గట్టిగా ఉండాలా, మెత్తగా ఉండాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఈ మధ్యే టీం లీడర్ అయ్యారు. కింద 9 మంది, అందులో ఆరుగురు మీకన్నా సీనియర్లు. మాట వినడం లేదు. లీడర్‌షిప్ స్టైల్స్ గురించి చదివితే బుర్ర ఇంకా పాడైంది. ఇంతకీ గట్టిగా ఉండాలా, మెత్తగా ఉండాలా?

నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో 11 ఏళ్ళు సూపర్‌వైజర్‌గా చేశాను. మీది ఏసీ ఆఫీసు అయ్యుండొచ్చు, మాది పొగా పొట్టూ. అయినా మీ ప్రశ్న చదువుతుంటే నా మొదటి ఆరునెలలూ కళ్ళముందుకొచ్చాయి.

అప్పుడు నాకు 26 ఏళ్ళు. డిగ్రీ ఉందన్న ఒక్క కారణంతో పీలింగ్ హాల్ నాకప్పగించారు. 40 మంది ఆడవాళ్ళు. సగంమంది నేను పుట్టకముందు నుంచీ పప్పు ఒలుస్తున్నవాళ్ళే.

ఈ పని తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. జీడిపిక్కని ఆవిరిలో ఉడికించి, ఆరబెట్టి, కోసి లోపలి పప్పు తీస్తారు. ఆ పప్పుని బోర్మాలో, అంటే వేడిగాలి గదిలో, ఎండబెడితే పైపొట్టు వదులవుతుంది. సరిగ్గా ఎండకపోతే పొట్టు ఊడదు. ఎక్కువ ఎండితే వేలితో నొక్కగానే పప్పు రెండు బద్దలవుతుంది. గుండుపప్పు రేటు వేరు, ముక్క రేటు వేరు. 320 గ్రేడ్ అంటే పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, 300 నుంచి 320 గుండుపప్పులు తూగాలి. విరిగిందంటే ఆ గ్రేడ్ పోయినట్టే. అందుకే సూపర్‌వైజర్‌ని పొద్దస్తమానం అడిగే ప్రశ్న ఒక్కటే, ముక్క ఎంత?

మొదటి నెల ముక్క బాగా ఎక్కువొచ్చింది. ఓనర్ నన్ను తిట్టాడు, నేను హాల్లో నిలబడి వాళ్ళని తిట్టాను. ముక్క ఎక్కువైతే కూలి కోస్తానన్నాను. వారం తిరక్కుండా ముక్క తగ్గిపోయింది! నాకు నాయకత్వ లక్షణాలు పుట్టుకతోనే ఉన్నాయనుకున్నాను.

ఒక సాయంత్రం పొట్టు బస్తా పక్కకి జరపబోతే కదల్లేదు. పొట్టు దూదిలా తేలిగ్గా ఉండాలి కదా. మూతి విప్పి మోచేతిదాకా చెయ్యి పెట్టాను. వేళ్ళకి గట్టిగా తగిలాయి. గుప్పెడు తీసి చూస్తే తెల్లటి బద్దలు. రెండో బస్తాలోనూ అంతే.

వాళ్ళు దొంగతనం చెయ్యలేదు. ఇంటికి ఒక్క పలుకు పట్టుకెళ్ళలేదు. నాకు చూడటం ఇష్టంలేనిదాన్ని నాకు కనబడకుండా పెట్టారంతే. ఆ ఏర్పాటు చేసింది నేనే.

దానికి సిగ్గుపడి తర్వాత నెలంతా 'మీ ఇష్టం అమ్మా' అంటూ తిరిగాను. అది ఇంకా ఘోరం. ఫ్యాన్ కింద ఎవరు కూర్చోవాలన్న దగ్గర్నుంచి తూకం వరసదాకా రోజూ గొడవే. ఆ నెల గురించి అంతకన్నా చెప్పాలని లేదు.

మీరు చదివిన స్టైల్స్‌లో కర్ట్ లెవిన్ అనే సైకాలజిస్టు పేరు తగిలే ఉంటుంది. 1930ల చివర్లో ఆయనా, ఆయనతో పనిచేసినవాళ్ళూ అమెరికాలో పదేళ్ళ పిల్లల్ని చిన్న గుంపులు చేసి మాస్కుల తయారీలాంటి పనులు చేయించారు. ఒక లీడర్ అన్నీ తానే ఆజ్ఞాపించేవాడు, ఒకడు పిల్లలతో కలిసి నిర్ణయించేవాడు, ఒకడు గాలికి వదిలేసేవాడు. ఆజ్ఞలిచ్చేవాడి గుంపు కూడా బాగానే పనిచేసింది, అతను గదిలో ఉన్నంతసేపు. అతను బయటికి వెళ్ళగానే పని పడిపోయింది. కలిసి నిర్ణయించుకున్న గుంపు మాత్రం లీడర్ లేకపోయినా చేసుకుపోయింది. నేనిది చదివింది చాలా ఆలస్యంగా. చదవగానే గుర్తొచ్చింది ఆ పొట్టు బస్తాయే.

చివరికి నేను చేసిన పని చిన్నది. హాల్లో అందరూ 'అప్పా' అని పిలిచే ఒక పెద్దావిడ పక్కన స్టూల్ వేసుకుని కూర్చున్నాను. ముక్క ఎందుకొస్తోందప్పా అనడిగాను.

'ఆ మూడో బోర్మా పప్పు సేతిలోకి రాగానే తెలిసిపోద్ది బాబూ. గలగలమంటాది. అది ఇరక్క ఏటవుద్ది?' అంది.

'మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?'

'నువ్వడిగింది ముక్కెంతని. ఎందుకని అడిగావేటి?'

వెళ్ళి చూస్తే మూడో బోర్మాలో ఒకవైపే వేడెక్కువ. వేడి సమంగా తగిలేలా ట్రేలు అటూ ఇటూ మార్చాలి, అది ఎప్పుడో మానేశారు. అప్పట్నుంచి ప్రతి బోర్మా మొదటి ట్రే అప్ప చేతికి వెళ్ళాలి, ఆవిడ వద్దంటే ఆ సరుకు హాల్లోకి రాకూడదు అని పెట్టాను. సలహా అడగడం వేరు, ఆ సలహాకి అధికారం ఇవ్వడం వేరు. మీటింగ్ పెట్టి అందరి అభిప్రాయాలూ రాసుకుని, చివరికి మీరనుకున్నదే చేస్తే సీనియర్లకి ఒక్క పూటలో అర్థమైపోతుంది.

అలాగని ఎప్పుడూ అడుగుతూ కూర్చోమని కాదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా దగ్గర్లోనే తీరం దాటింది. ముందురోజు మధ్యాహ్నం నేను ఎవర్నీ ఏమీ అడగలేదు. బాయిలర్ ఆపమన్నాను, పిక్క బస్తాలు ఎత్తు మీదకెక్కించి టార్పాలిన్లు కట్టమన్నాను, ఆడవాళ్ళని ఇళ్ళకి పొమ్మన్నాను. కిలో లెక్కన కూలి కాబట్టి ఉన్న పప్పు ఒలిచేసి వెళ్తామన్నారు. గట్టిగా అరిచాను. ఒక్కరూ నొచ్చుకోలేదు. మొదటి నెలలో అరిచినదీ ఇదే గొంతు.

కానీ తుపాను తర్వాత మళ్ళీ తప్పు చేశాను. ఐదో రోజు జనరేటర్ మీద ఫ్యాక్టరీ తెరిచి, రమ్మని కబురు పెడితే ఆరుగురొచ్చారు. నాకు కోపమొచ్చింది. బోర్మా చూసే ఆయన ఏమీ అనకుండా బండి తీసి నన్ను ఉద్దానం వైపు తీసుకెళ్ళాడు. దారి పొడవునా కొబ్బరిచెట్లు అడ్డంగా పడున్నాయి. అప్ప ఇంటికి కప్పు లేదు. ఆవిడ పెరట్లో వేళ్ళతో సహా లేచిపోయిన జీడిచెట్టు కొమ్మలు నరుకుతోంది. ఏం కావాలప్పా అంటే 'టార్పాలిన్ ఉంటే ఇప్పించు బాబూ' అంది. మా బస్తాల మీద కప్పినవి విప్పించి పంపడానికి ఓనర్‌తో గంటసేపు వాదించాల్సొచ్చింది. పదిరోజులకి హాల్ నిండింది.

ఇంకో మాట. స్టైల్ మనిషిని బట్టే కాదు, పనిని బట్టి కూడా మారాలి. హెర్సీ, బ్లాంచర్డ్ అనే ఇద్దరు దీన్నే సిద్ధాంతంగా చెప్పారు. మా బాయిలర్ అటెండెంట్‌కి బాయిలర్ గురించి నేను చెప్పడమంటే నవ్వులాట, వదిలేసేవాణ్ణి. అదే మనిషికి కంప్యూటర్‌లో స్టాక్ ఎంట్రీ ఇచ్చినప్పుడు పక్కన కూర్చుని ఏ బటన్ తర్వాత ఏ బటనో చెప్పాల్సొచ్చింది. మీ ఆరుగురు సీనియర్లూ అన్నిట్లోనూ సీనియర్లేనా? ఒక కాగితం మీద ఎవరికి ఏ పని బాగా వచ్చో, ఏది రాదో రాసి చూడండి. ఎవర్ని వదిలెయ్యాలో, ఎవరి పక్కన కూర్చోవాలో అందులోనే తెలుస్తుంది.

మీ ప్రశ్నలో మీరు రాయనిది ఒకటుంది. ఆ ఆరుగురిలో ఈ పోస్టు తనకే వస్తుందనుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే మిగతా వాళ్ళ సంగతి తర్వాత, ముందు వాళ్ళతో విడిగా టీ తాగండి. నా విషయంలో అది ఆ బోర్మా ఆయనే. నా పోస్టు తనదనుకున్నాడు, అనుకోవడంలో తప్పూ లేదు. మూడో బోర్మా సంగతి ఆయనకి ముందే తెలుసని చాలా రోజులకి నాకర్థమైంది. అడిగితే ఒప్పుకున్నాడు కూడా. ఆ వారమే స్టోర్ తాళాలు ఆయనకిచ్చాను. నేను ఫ్యాక్టరీ మానేసి వచ్చేదాకా ఒక్కసారి కూడా నన్ను సార్ అనలేదు, 'ఏంరా బాబూ' అనేవాడు. తాళాలు మాత్రం ఒక్కరోజూ ఆలస్యం కాలేదు.