ఆ డెన్మార్క్ వేరు

ప్రశ్న: ఆన్‌లైన్ తెలుగు విజ్ఞాన సర్వస్వంలో "సహజ పరిధి దాటి కనిపించిన పెంగ్విన్లు" అనే మొలక వ్యాసాన్ని నేను విస్తరిస్తున్నాను. నాలుగు వాక్యాలున్నదాన్ని నలభై చేశాను. ప్రతిదానికీ మూలం ఇచ్చాను. అయినా ఎవరో వచ్చి "ఈ వ్యాసాన్ని శుద్ధి చేయాలి" అని పైన మూస (హెచ్చరిక పట్టీ) తగిలించి వెళ్లారు. ఏం శుద్ధి చేయాలో చర్చాపేజీలో ఒక్క ముక్క రాయలేదు. వ్యాసం మీకు పంపుతున్నాను. ఎక్కడ తేడా కొట్టింది?
– ఒక పాఠకురాలు

జవాబు: మూస తగిలించి మాటా పలుకూ లేకుండా పోవడం నాకూ నచ్చదండీ. కానీ మీ వ్యాసం చదివాక, పాపం ఆయన ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పోయుంటారనిపించింది.

ముందు నన్ను నవ్వించిన వాక్యం. "2024 నవంబరులో ఒక ఎంపరర్ పెంగ్విన్ ఐరోపాలోని డెన్మార్క్ తీరానికి చేరింది" అని రాశారు. ఆ డెన్మార్క్ వేరు. పశ్చిమ ఆస్ట్రేలియా దక్షిణ తీరంలో ఆ పేరుతో ఒక చిన్న ఊరుంది. దాని దగ్గరి ఓషన్ బీచ్‌లో నవంబరు 1న ఆ పక్షి ఒడ్డెక్కింది. బక్కచిక్కి 21 కిలోల చిల్లర తూగింది. మంచి ఒడ్డూపొడుగూ ఉన్న మగది 40 కిలోలు దాటుతుంది. గస్ అని పేరు పెట్టి, మేపి, నవంబరు 20న పడవలో తీసుకెళ్లి దక్షిణ సముద్రంలో వదిలారు. మీరిచ్చిన మూలం తెరిచి చూశాను. అందులో "డెన్మార్క్" అనే ఉంది. "ఐరోపాలోని" అన్నది మీ చలవ. ఈ వ్యాసంలో జబ్బంతా ఇదే. మూలాలు మంచివే, మూలం ఆగిన చోట మీరు ఆగలేదు.

రెండోది అలాస్కా పక్షి. "2002లో ఒక హంబోల్ట్ పెంగ్విన్ పెరూ నుంచి వేల కిలోమీటర్లు ఈది అలాస్కా చేరుకుంది" అన్నారు. చదవడానికి బ్రహ్మాండంగా ఉంది. అది ఈదుతుండగా చూసినవాళ్లెవరు? తెలిసింది ఇంతే: 2002 జులైలో ఆగ్నేయ అలాస్కాలో చేపల వలలో ఒక పెంగ్విన్ పడింది, జాలరి ఫోటో తీసి వదిలేశాడు. హంబోల్ట్ పెంగ్విన్లు పెరూ, చిలీ తీరాల్లో, చల్లటి ప్రవాహం వెంట బతికే పక్షులు. మధ్యలో ఉష్ణమండలపు వెచ్చటి నీళ్లన్నీ దాటాలి. ఉత్తరార్ధగోళంలో కనిపించిన హంబోల్ట్ పెంగ్విన్ల మీద 2007లో వచ్చిన పరిశోధన పత్రం, అవి చేపల పడవలెక్కి వచ్చి ఉండే అవకాశమే ఎక్కువ అని తేల్చింది. అందుకని వాక్యాన్ని రెండుగా విరగ్గొట్టండి. "2002 జులైలో ఆగ్నేయ అలాస్కాలో ఒక హంబోల్ట్ పెంగ్విన్ వలకు చిక్కింది. అది పడవలో వచ్చి ఉండవచ్చని పరిశోధకులు భావించారు." మొదటిది కళ్లతో చూసింది, రెండోది అంచనా. రెంటికీ విడివిడిగా మూలాలు.

ఇక కూర్పు. మీరు దేశాలవారీగా శీర్షికలు పెట్టారు. దాంతో సొంతంగా వచ్చిన పక్షీ, మనుషులు మోసుకొచ్చిన పక్షీ ఒకే గాటన పడ్డాయి. దేశం తీసేసి, "ఎలా వచ్చింది" అన్నదాన్ని బట్టి విడదీయండి. న్యూజిలాండ్‌లోని పెకా పెకా బీచ్‌కి 2011 జూన్‌లో వచ్చిన ఎంపరర్ తనంతట తను వచ్చింది. 1967లో ఒరెటి బీచ్‌లో కనిపించిన దాని తర్వాత ఆ దేశంలో అదే. 2021లో అక్కడే బర్డ్‌లింగ్స్ ఫ్లాట్‌లో కనిపించిన అడెలీ పెంగ్విన్ కూడా అంతే. న్యూజిలాండ్‌లో 1962, 1993ల తర్వాత అది మూడోది. నార్వే సంగతి పూర్తిగా వేరు. 1936లో తొమ్మిది కింగ్ పెంగ్విన్లను పనిగట్టుకుని ఓడలో తెచ్చి అక్కడి ఉత్తర తీరంలో వదిలారు, 1938లో వేరే జాతులవీ తెచ్చారు. చివరిది కనిపించింది 1949లో. వీటిని "దారితప్పినవి" అంటే నార్వేవాళ్లు చేసిన పని పెంగ్విన్ల మెడకు చుట్టినట్టు. 2012 మార్చిలో టోక్యోలోని సముద్ర జీవుల పార్కు నుంచి గోడెక్కి ఉడాయించిన హంబోల్ట్ పెంగ్విన్‌ది మూడో రకం. ఎనభై రోజులకు పైగా టోక్యో అఖాతంలో హాయిగా తిరిగి, మే నెలలో దొరికింది. నాకు వీటన్నిటిలోకీ ఇష్టమైనది అదే, కానీ మీ వ్యాసంలో దానికి రెండు వాక్యాలు చాలు.

గ్రేట్ ఆక్ పేరా మొత్తం తీసేయండి. ఈ తప్పు నేనూ చేశాను. "1844 దాకా ఐస్‌లాండ్ దగ్గర పెంగ్విన్లు ఉండేవి" అని పదేళ్ల కిందట ఒక వ్యాసంలో రాస్తే, రెండేళ్లపాటు ఎవరూ ముట్టుకోలేదు. గ్రేట్ ఆక్ అన్నది ఎగరలేని నలుపు తెలుపుల ఉత్తరాది పక్షి. పాతకాలపు నావికులు పెంగ్విన్ అని పిలిచింది ముందు దాన్నే, ఆ పేరు తర్వాత దక్షిణాది పక్షులకు అంటుకుంది. రెంటికీ చుట్టరికం లేదు. పాత ఓడల దినచర్యల్లో ఉత్తర అట్లాంటిక్ "పెంగ్విన్" కనబడితే ఆక్ అని చదువుకోండి.

"పరిధి" అన్న మాటతోనూ జాగ్రత్త. భూమధ్యరేఖకు ఉత్తరాన ఏ పెంగ్విన్ కనిపించినా వింతే అని రాశారు. గాలపాగోస్‌లో ఇసబెలా దీవి ఉత్తరపు కొస రేఖకు అవతలే ఉంది, గాలపాగోస్ పెంగ్విన్లకు అది సొంతిల్లు. మాగెలానిక్ పెంగ్విన్లు ఏటా చలికాలంలో దక్షిణ బ్రెజిల్ దాకా వెళ్తాయి. అది వలస. 2008లో వందలకొద్దీ ఇంకా ఉత్తరాన ఉన్న బహియా రాష్ట్రం దాకా కొట్టుకొచ్చాయి. మీ వ్యాసంలోకి రావలసినవి ఇవి. అన్నిటికీ "వలస వచ్చింది" అని వాడారు, ఒంటరిగా ఎటో వచ్చిపడిన పక్షికి ఆ మాట అతకదు. "వచ్చి చేరింది" చాలు. అలాగే "జూన్ ఎండల్లో" అన్నది కొట్టేయండి, న్యూజిలాండ్‌లో జూన్ అంటే చలికాలం.

ప్రశ్న: పెకా పెకా పెంగ్విన్ చివరికి చనిపోయిందని రాయవచ్చా? "షార్క్ తినేసింది" అని కూడా ఒకచోట చదివాను.
– అదే పాఠకురాలు

జవాబు: రాయకండి. హ్యాపీ ఫీట్ అని అందరూ పిలిచిన ఆ పక్షి మంచు అనుకుందో ఏమో, ఒడ్డున ఇసుకా పుల్లలూ మింగింది. వెల్లింగ్‌టన్ జూలో పొట్ట కడిగి కడిగి అవన్నీ తీశారు. 2011 సెప్టెంబరు 4న టంగరోవా అనే పరిశోధన నౌక మీంచి దక్షిణ సముద్రంలోకి జారవిడిచారు. వీపు ఈకలకు ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్ అంటించి పంపారు. సెప్టెంబరు 9 తర్వాత సంకేతం రాలేదు. షార్క్ తిని ఉండొచ్చు, జిగురు ఊడి పరికరం నీళ్లలో పడి ఉండొచ్చు. ఎలాగూ ఈకలు రాల్చే కాలానికి అది ఊడిపోవాల్సిందే. "సెప్టెంబరు 9 తర్వాత సంకేతాలు అందలేదు" అని రాసి చుక్క పెట్టండి.