మా లాన్‌లో ఉన్నది కెంటకీ బ్లూగ్రాస్ అనే గడ్డేనా? ఎలా పోల్చుకోవాలి?

అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో కొత్తగా ఇల్లు కొన్నవాళ్లకు తరచూ వచ్చే సందేహమే ఇది. ఒక ఆకు తెంపి కొన చూడండి. పడవ ముక్కులా ముడుచుకుని, వేలితో నొక్కితే రెండుగా చీలుతుందా? ఆకు మధ్య ఈనెకు రెండు వైపులా లేత గీతలు, రైలు పట్టాల్లా కనిపిస్తున్నాయా? అయితే బ్లూగ్రాసే. ఆకు వెనక వైపు నిగనిగలాడితే అది రైగ్రాస్ అనే మరో లాన్ గడ్డి. ఆకు వెడల్పుగా, అంచు గరుకుగా ఉంటే టాల్ ఫెస్క్యూ అనే ఇంకో రకం. ఇంకా అనుమానంగా ఉంటే కాస్త తవ్వండి. బ్లూగ్రాస్ మన గరికలా భూమి లోపల కాండాలు పాకించి ఖాళీలను తానే పూడ్చుకుంటుంది, మిగతా రెండూ కుదుళ్లుగా పెరుగుతాయి. అన్నట్టు, పేరులో అమెరికా రాష్ట్రమైన కెంటకీ ఉన్నా దీని పుట్టిల్లు అమెరికా కాదు. యూరప్ నుంచి వలసవచ్చినవాళ్లతో వచ్చింది.

ఎత్తు 3 అంగుళాల దగ్గర ఉంచండి, ఒక్కసారికి మూడో వంతుకు మించి కోయొద్దు. వానతో కలిపి వారానికి అంగుళం నీరు చాలు. ఎరువు ముఖ్యంగా సెప్టెంబరులో వేయాలి. జులై ఎండకు గోధుమరంగుకు తిరిగితే చచ్చిందని కంగారుపడి ఎరువు గుమ్మరించకండి. అది నిద్రపోతోందంతే. విత్తనం చల్లితే మొలకకు రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి.